గల్లాపెట్టె నిండితే లాభమేనా?

సంక్రాంతి వెళ్ళిన వారం, ఆదివారం సాయంత్రం. నేస్‌లో అయిదు కాకముందే చీకటి పడిపోయింది. మా వీధి చివర ఉండే స్నేహితురాలు ఒక చేతిలో అరిసెల డబ్బా, ఇంకో చేతిలో పాత బిస్కెట్ల డబ్బా పట్టుకుని వచ్చింది. అరిసెలు మా పిల్లలకి. బిస్కెట్ల డబ్బా నాకు. దాని నిండా రసీదులే.

"అక్కా, ఒక్క గంట కూర్చుని ఇవి చూడవా? శుక్రవారం లోపల సంతకం పెట్టాలి" అంది.

సంతకం దేనికో మీకూ చెప్పాలి. ఈ అమ్మాయి రెండేళ్ళుగా ఇంట్లోనే దోసె పిండి రుబ్బి, పచ్చళ్ళు పెట్టి, పండగలకి స్వీట్ బాక్సులు కట్టి అమ్ముతోంది. స్టాంప్ 4 చేతికొచ్చాకే మొదలుపెట్టింది. స్టాంప్ 1జీ మీద ఉద్యోగం చేసుకోవచ్చు గానీ సొంత వ్యాపారం చేయకూడదు. ఇది తెలియక చిక్కుల్లో పడేవాళ్ళు ఉన్నారు కాబట్టి ముందే చెప్తున్నాను. నేస్, సాలిన్స్, న్యూబ్రిడ్జ్, క్లేన్‌లలో ఉన్న తెలుగిళ్ళలో ఆమె పిండి తెలియని ఇల్లు తక్కువ. ఇప్పుడు ఊరి బయట ఒక చిన్న వంటశాల అద్దెకు దొరికింది. నెలకు 900 యూరోలు. నాలుగేళ్ళ తొమ్మిది నెలల లీజు. నర్సింగ్ హోమ్‌లో వారానికి మూడు రోజులు చేసే ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకి దిగాలని ఆలోచన.

"బాగా నడుస్తోంది కదా అక్కా! చూడు" అని ఫోన్‌లో బ్యాంకు బ్యాలెన్స్ చూపించింది. డిసెంబరు 31 నాటికి 5,200 యూరోలు.

అందులో తన డబ్బు ఎంతో మొదట తేల్చాలి అనుకున్నాను. గంట కాస్తా నాలుగు గంటలైంది. ఆ సాయంత్రం మేమిద్దరం రాసుకున్న లెక్క ఆమె అనుమతితోనే ఇక్కడ పెడుతున్నాను. అంకెలు కాస్త గుండ్రంగా చేశాను, అంతే.

మొదటి కాగితం: ఏడాదిలో ఏం మిగిలింది

కంపెనీలు దీన్ని లాభనష్టాల ఖాతా అంటాయి. మన ఊళ్ళ కొట్లలో రోజువారీ చిట్టా రాసి, అందులోంచి ఆవర్జాలోకి ఎక్కించి, ఏడాది చివర తేల్చేది కూడా ఇదే. 2025కి ఆమె అమ్మకాలు ఇలా ఉన్నాయి.

దోసె పిండి 3,000 డబ్బాలు, ఒక్కోటి 4 యూరోలు: 12,000.
పచ్చళ్ళు 1,000 సీసాలు, ఒక్కోటి 8 యూరోలు: 8,000.
పండగ బాక్సులు 400, ఒక్కోటి 20 యూరోలు: 8,000.
మొత్తం 28,000 యూరోలు.

సరుకుల ఖర్చు, అంటే బియ్యం, మినప్పప్పు, నూనె, నెయ్యి, బెల్లం, సీసాలు, డబ్బాలు, లేబుళ్ళు కలిపి 12,000. సరుకులు పోను మిగిలింది 16,000. ఆమె మనసులో లాభం అంటే ఈ 16,000. చాలామంది ఇక్కడే ఆగిపోతాం.

తర్వాత మిగతా ఖర్చులు ఒక్కొక్కటే డబ్బాలోంచి బయటికి తీశాం. ఇళ్ళకి తీసుకెళ్ళి ఇచ్చే పెట్రోలు 2,400. కరెంటు, గ్యాస్ 1,500. ఇన్సూరెన్స్ 600. కార్డ్ మెషీన్, ఫోన్, మార్కెట్‌లో స్టాల్ ఫీజులు 900. గ్రైండర్ రిపేరు, గిన్నెలు 400. అకౌంటెంట్‌కి 500. ఇక ఏ రసీదూ లేని ఖర్చు ఒకటుంది, తరుగుదల. పోయిన జనవరిలో పెద్ద గ్రైండరు, ఫ్రిజ్ కలిపి 3,500కి కొంది. అవి అయిదేళ్ళు పనిచేస్తాయనుకుంటే ఏడాదికి 700 యూరోల విలువ అరిగిపోయినట్టే. (పన్ను లెక్కకి ఇక్కడి రెవెన్యూ శాఖ యంత్రాల మీద ఏటా 12.5 శాతం చొప్పున ఎనిమిదేళ్ళు తగ్గించుకోనిస్తుంది. అది వేరే లెక్క. మన పుస్తకంలో మన గ్రైండరు నిజంగా ఎన్నేళ్ళు బతుకుతుందో అదే రాసుకోవాలి.)

ఇవన్నీ కలిపితే 7,000. అంటే అసలు లాభం 9,000 యూరోలు.

"తొమ్మిది వేలా? ఫర్వాలేదు కదక్కా" అంది. నేనూ అవునన్నాను. ఇంటి వంటగది నుంచి తొమ్మిది వేలు తీయడం చిన్న విషయం కాదు. కానీ రెండో కాగితం ఇంకా రాయలేదు.

రెండో కాగితం: ఆ డబ్బు ఎవరిది

బ్యాలెన్స్ షీట్ అనగానే బెదిరిపోతాం గానీ అందులో ఉండేవి రెండే ప్రశ్నలు. ఇవాళ్టికి నా దగ్గర ఏమున్నాయి? నేను ఎవరికి ఎంత ఇవ్వాలి?

ఆమె ఇవ్వాల్సినవి: సంక్రాంతి బాక్సులకి డిసెంబరులోనే తీసుకున్న అడ్వాన్సులు 1,300. బాక్సులు జనవరిలో కదా ఇచ్చేది, డిసెంబరు 31న ఆ డబ్బు ఇంకా కొన్నవాళ్ళదే. ఇండియన్ స్టోర్‌లో ఖాతా బాకీ 900. గ్రైండరు కొన్నప్పుడు క్రెడిట్ కార్డు మీద గీకింది 1,500. పన్నుకు పక్కన పెట్టాల్సింది అంచనాగా 2,500. మొత్తం 6,200.

బ్యాంకులో ఉన్నది 5,200.

ఆమె కాసేపు ఆ రెండు అంకెలనే చూస్తూ ఉండిపోయింది. బ్యాంకులో ఉన్న ప్రతి యూరో అప్పటికే ఎవరికో ఒకరికి చెందినది. ఇంకో వెయ్యి తక్కువ కూడా. నిజానికి ఆమె మునిగిపోలేదు. వంటింట్లో 1,100 విలువైన సరుకు ఉంది, స్నేహితులు "తర్వాత పంపిస్తాం" అన్న బాకీలు 700, యంత్రాలు తరుగుదల పోను 2,800. అన్నీ కలిపి, అప్పులు తీసేస్తే 3,600 మిగులుతుంది. కానీ అందులో ఒక్క యూరో కూడా లీజు అడ్వాన్సుగా కట్టడానికి పనికొచ్చే నగదు కాదు. గ్రైండరుతో అద్దె కట్టలేం.

మరి తొమ్మిది వేల లాభం ఎటు పోయింది? దానికి మూడో కాగితం, క్యాష్ ఫ్లో. లాభం వచ్చింది నిజమే, అందులో ఇంటికి వాడుకున్నది 4,300. యంత్రాలకి 3,500 పోయింది. కొంత సరుకుగా అటకెక్కింది, కొంత బాకీల్లో చిక్కుకుంది. అడ్వాన్సులు, కార్డు అప్పు వచ్చి చేరడం వల్ల బ్యాంకు నిండుగా కనిపించింది. ఆ నిండుదనం అప్పు తెచ్చిపెట్టింది, వ్యాపారం సంపాదించింది కాదు.

లాభాన్నీ నగదునీ పక్కపక్కన పెట్టి చూడకపోతే ఏమవుతుందో మన తెలుగువాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరంతో హైదరాబాదు ఉలిక్కిపడింది. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఆయనే ఒప్పుకున్నారు. ఒక త్రైమాసికంలో నిర్వహణ లాభం 24 శాతమని చూపిస్తే, నిజంగా ఉన్నది 3 శాతం. అక్కడ లాభం కాగితం మీద ఉంది, బ్యాంకులో డబ్బు లేదు. మా స్నేహితురాలి దగ్గర డబ్బు బ్యాంకులో ఉంది, అది లాభం కాదు. వాళ్ళది మోసం, ఈమెది అమాయకత్వం. రెండింటినీ బయటపెట్టే పద్ధతి మాత్రం ఒకటే: ఒక కాగితాన్ని ఇంకో కాగితంతో సరిచూడటం.

రసీదు లేని అతి పెద్ద ఖర్చు

అప్పటికి టీ రెండోసారి పెట్టాను. ఇక అడగక తప్పని ప్రశ్న అడిగాను. "దీనికి వారానికి ఎన్ని గంటలు పెడుతున్నావు?"

"ఏమో అక్కా, ఎవరు లెక్కపెట్టారు? పిల్లలు పడుకున్నాక చేసుకుంటాను."

వేళ్ళ మీద లెక్కపెట్టాం. పిండికి వారానికి 11 గంటలు. రుబ్బడం, నింపడం, కడగడం ఆరు గంటలు, ఇళ్ళకి తిరిగి ఇవ్వడం అయిదు గంటలు. ఏడాదికి యాభై వారాలు, 550 గంటలు. పచ్చళ్ళకి 200, పండగ బాక్సులకి 200, సరుకులు తేవడానికీ రాసుకోవడానికీ ఇంకో 50. మొత్తం వెయ్యి గంటలు.

తొమ్మిది వేలని వెయ్యితో భాగించడానికి క్యాలిక్యులేటర్ అక్కర్లేదు. గంటకి 9 యూరోలు.

2025లో ఐర్లండులో కనీస వేతనం గంటకి 13.50. ఈ జనవరి 1 నుంచి 14.15. సొంత వ్యాపారం చేసేవాళ్ళకి ఆ చట్టం వర్తించదు, కానీ కొలబద్దగా పనికొస్తుంది. ఆ వెయ్యి గంటలకి ఇంకొకరిని పెట్టుకుని 13.50 ఇచ్చి ఉంటే 13,500 అయ్యేది. తొమ్మిది వేల లాభం కాస్తా నాలుగున్నర వేల నష్టంగా తేలేది. ఇన్నాళ్ళూ ఈ వ్యాపారాన్ని నిలబెట్టింది పిండీ కాదు, పచ్చడీ కాదు. ఆమె నిద్ర.

మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఊళ్ళో పాలు పోసేది. ఎవరింటికి ఎన్ని సోలలు పోసిందో వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. నెలాఖరున గీతలు లెక్కపెట్టి పైసా తేడా రాకుండా వసూలు చేసేది. తవుడు ఎంతకి కొన్నదీ, చెక్క ఎంత పడిందీ నోటి లెక్కే. కానీ తెల్లవారుజామున నాలుగింటికి లేచి పేడ తీసి, కుడితి పెట్టి, పాలు పితికిన ఆ పనికి గోడ మీద ఒక్క గీతా లేదు. అమ్మమ్మకి లెక్కలు రాక కాదు. ఆ పనిని ఎవరూ ఖర్చు అనుకోలేదు, ఆవిడతో సహా.

ఈ మాటే అంటే మా స్నేహితురాలు నెమ్మదిగా చెప్పింది: "మా అమ్మ డ్వాక్రా సంఘం పుస్తకం రాసేది అక్కా. వారం వారం మీటింగు, పొదుపు, అప్పులు, తిరిగి కట్టడం, పుస్తకం రాయడం. పంచసూత్రాలని వల్లెవేసేది. నేను చూడు, ఎంబీఏ చేసి బిస్కెట్ల డబ్బాలో రసీదులు వేసుకుంటున్నాను."

ఏది నడుపుతోంది, ఏది లాగుతోంది

గంటకి 9 అనేది సగటు. సగటు చాలా దాస్తుంది. అందుకే ఒక్కో వస్తువుకీ విడివిడిగా లెక్క కట్టాం. దీన్నే ఖర్చుల విశ్లేషణ అంటారు. నేను ఆఫీసులో చేసే పని కూడా ఇదే, యంత్రాలు పెద్దవి అంతే తేడా.

పిండి డబ్బా: ధర 4 యూరోలు. సరుకు 1.60, పెట్రోలు 60 సెంట్లు, కరెంటు 30 సెంట్లు. మిగిలేది 1.50. దానికి పట్టే సమయం 11 నిమిషాలు. అంటే గంటకి సుమారు 8.20.

పచ్చడి సీసా: ధర 8. సరుకు 3.60, పెట్రోలు 30 సెంట్లు, గ్యాస్ 20 సెంట్లు. మిగిలేది 3.90, పన్నెండు నిమిషాలకి. గంటకి 19.50.

పండగ బాక్సు: ధర 20. సరుకు 9, పెట్రోలు 75 సెంట్లు, గ్యాస్, కరెంటు 1 యూరో. మిగిలేది 9.25, అరగంటకి. గంటకి 18.50.

వీటిలోంచే ఇన్సూరెన్సు, ఫోను లాంటి ఉమ్మడి ఖర్చులు 3,100 ఇంకా కట్టుకోవాలి. అయినా సంగతి తేటతెల్లమైంది. ఊరంతా ఆమెని "పిండి అక్క" అంటారు. అమ్మకాల్లో అన్నిటికన్నా పెద్ద గీత పిండిదే. ఆమె సమయంలో సగానికి పైగా తినేసి, కనీస వేతనం కూడా ఇవ్వనిదీ పిండే.

ఇక్కడ తొందరపడితే "పిండి మానేయ్" అనేస్తాం. అది పొరపాటు. వారం వారం జనాన్ని ఆమె దగ్గరికి తెచ్చేది పిండే. పిండి కోసం వచ్చినవాళ్ళే గోంగూర సీసా అడుగుతారు, దీపావళికి బాక్సు చెప్తారు. లెక్క చూపించేది ఎక్కడ నొప్పి ఉందో. ఏం చేయాలో మనమే ఆలోచించాలి.

నొప్పి ఎక్కడుందో మళ్ళీ చూడండి. 11 గంటల్లో అయిదు గంటలు కారులోనే పోతున్నాయి. రుబ్బడంలో నష్టం లేదు. గుమ్మం గుమ్మానికీ తిరగడంలో ఉంది.

మన ఊళ్ళోనే ఉన్న పెద్ద ఉదాహరణ

నేస్‌లో ఉండేవాళ్ళకి మిలీనియం పార్క్‌లోని కెర్రీ గ్రూప్ కేంద్రం తెలుసు. ప్రపంచమంతా ఆహార కంపెనీలకి రుచులు, పదార్థాలు తయారుచేసి ఇచ్చే సంస్థ అది. వాళ్ళ వార్షిక నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు, వాళ్ళ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. ఆ రాత్రి ఆమెకి అందులో ఒక పేజీ తెరిచి చూపించాను.

2022లో కెర్రీ అమ్మకాలు సుమారు 8.8 బిలియన్ యూరోలు. 2023లో 8 బిలియన్లు. అమ్మకాలు తగ్గాయి. కానీ అదే ఏడాది ఎబిట్‌డా మార్జిన్, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు నూరు యూరోల అమ్మకానికి మిగిలేది, 13.9 నుంచి 14.5కి పెరిగింది. స్వీట్లు, సీరియల్స్‌కి సంబంధించిన ఒక విభాగాన్ని ఆ ఏడాదే అమ్మేశారు. మొదటి పంక్తి చిన్నదైనంత మాత్రాన వ్యాపారం పాడైనట్టు కాదు.

ఇంకా ఆసక్తికరమైనది తర్వాతి అడుగు. కెర్రీ 1972లో లిస్టోవెల్‌లో పాల ఫ్యాక్టరీతో మొదలైన సంస్థ. పాలే దాని పుట్టుక. కానీ పాల వ్యాపారంలో మార్జిన్ తక్కువ. 2024 చివర్లో తమ ఐర్లండు పాల వ్యాపారాన్ని 500 మిలియన్ యూరోల విలువకి రైతుల సహకార సంఘానికే రెండు విడతల్లో అమ్మడానికి నిర్ణయించి, మొదటి విడతగా 70 శాతం ఇచ్చేశారు. పుట్టిల్లు లాంటి వ్యాపారాన్ని కూడా లెక్క చూసి, చర్చించి, ఓటు వేసి వదులుకున్నారు.

మా స్నేహితురాలు నవ్వింది. "అంటే పిండి నా పాల వ్యాపారమా?"

"నువ్వు వదులుకోనక్కర్లేదు. ప్రేమ వేరు, లెక్క వేరు అని తెలుసుకుంటే చాలు" అన్నాను.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పెద్ద కంపెనీలు ఎబిట్‌డా చూపిస్తాయి కదా అని మనం అక్కడ ఆగకూడదు. మన గ్రైండరు అరుగుతుంది, కార్డు మీద వడ్డీ పడుతుంది, పన్ను కట్టాలి. ఇంటి వ్యాపారానికి చివరి పంక్తి దాకా వెళ్ళాల్సిందే.

లీజు లెక్క

ఇక అసలు ప్రశ్న. అద్దె ఏడాదికి 10,800. దానితో వచ్చే రేట్లు, అదనపు ఇన్సూరెన్సు, కరెంటు తక్కువలో తక్కువ వేసుకున్నా మొత్తం 12,000.

ఆమె అమ్మకాల్లో ప్రతి నూరు యూరోలకీ సరుకు, పెట్రోలు, కరెంటు పోను మిగిలేది 43. అంటే 12,000 అదనపు ఖర్చు పూడాలంటే ఇంకో 28,000 అమ్మాలి. ఇప్పుడున్న వ్యాపారం ఇంకొకటి, అచ్చం ఇంతే, దీని పక్కన పెట్టాలి. రెండువేల గంటలు పనిచేయాలి. అప్పుడు మిగిలేది? మళ్ళీ అదే 9,000. గంటకి నాలుగున్నర. పైగా నర్సింగ్ హోమ్ జీతం పోతుంది. నాలుగేళ్ళ తొమ్మిది నెలలకి అద్దె ఒక్కటే 51,300 కడతానని సంతకం పెట్టినట్టు.

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. ఒక మనిషి రెండేళ్ళ కష్టాన్ని వంటింటి బల్ల మీద అంకెలుగా విడగొట్టి పెట్టడం సరదా పని కాదు. "నాకు చేతకాదంటావా అక్కా?" అని అడిగింది.

"చేతనవుతుంది కాబట్టే వెయ్యి మంది మెచ్చే పిండి చేస్తున్నావు. ఆ చేతికి తగిన ధర కట్టడం లేదంటున్నాను" అన్నాను. ఆమె ఏమీ అనకుండా డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత పది రోజులు ఫోన్ లేదు. చెప్పి తప్పు చేశానేమో అని నాలో నేనే తర్జనభర్జన పడ్డాను.

పదకొండో రోజు వాట్సాప్‌లో ఆమె కస్టమర్లందరికీ పంపిన మెసేజ్ నాకూ వచ్చింది. ఇకనుంచి పిండి ధర నాలుగున్నర. ఇళ్ళకి తెచ్చివ్వడం లేదు. శనివారం పొద్దున పదింటి నుంచి పదకొండున్నర దాకా వచ్చి తీసుకోవాలి. డబ్బు ఆర్డరుతోనే. లీజు మీద సంతకం పెట్టలేదు. ఉద్యోగం మానలేదు.

అంతకుముందు మేం కట్టిన అంచనా ఇది: వారానికి 60 డబ్బాలు కాస్తా 48కి తగ్గినా, వారానికి మిగిలేది 90 యూరోల నుంచి సుమారు 125కి పెరుగుతుంది. గంటలు 11 నుంచి ఆరుకి కాస్త పైన. మూడు నెలలు గడిచాక చూస్తే 46 దగ్గర ఆగింది. అంచనా కన్నా రెండు తక్కువ. మిగిలేది దాదాపు 120. పిండి మీద గంటకి 19 యూరోలకి పైగా పడుతోంది.

అందరూ సంతోషించలేదు. "అయినవాళ్ళ దగ్గర కూడా సెంట్లు లెక్కపెడుతున్నావా?" అని ఒకామె ముఖం మీదే అందట. రెండు కుటుంబాలు మానేశాయి. ఆ మాట ఆమెకి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అమ్మకాల లెక్కలో దొరకని ఖర్చు ఇది. దీన్ని ఏ కాగితంలో రాయాలో నాకూ తెలియదు.

మీరు చేయాల్సింది

మీలో చాలామంది కేకులు చేస్తున్నారు, బ్లౌజులు కుడుతున్నారు, డాన్స్, సంగీతం నేర్పుతున్నారు, చీరలు తెప్పించి అమ్ముతున్నారు. ఈ నెల ఒక్క నోటుపుస్తకం తీసుకోండి.

మొదటి పేజీ: ఈ నెల ఏం వచ్చింది, ఏం పోయింది. తరుగుదల మర్చిపోవద్దు.
రెండో పేజీ: నెలాఖరు రోజున నా దగ్గర ఏమున్నాయి, ఎవరికి ఎంత ఇవ్వాలి. అడ్వాన్సులు అప్పు కిందే రాయండి.
మూడో పేజీ: మొదటి పేజీలో లాభం ఎంత, బ్యాంకులో పెరిగింది ఎంత, తేడా ఎందుకు.
నాలుగో పేజీ: గంటలు. ఒక్కో వస్తువుకి, ఒక్కో క్లాసుకి. సిగ్గుపడకుండా రాయండి.

ఐర్లండులో ఉన్నవాళ్ళకి ఇంకో రెండు మాటలు. ఆహారం అమ్మేవాళ్ళు మొదలుపెట్టడానికి కనీసం 28 రోజుల ముందు హెచ్ఎస్ఈ వారి పర్యావరణ ఆరోగ్య విభాగంలో నమోదు చేసుకోవాలి. ఉద్యోగం ఉన్నా, పక్క వ్యాపారంలో నికరంగా ఏడాదికి 5,000 యూరోలు దాటితే సొంతంగా పన్ను రిటర్ను వేయాలి. రసీదులు ఆరేళ్ళు దాచాలి. వస్తువుల అమ్మకాలు ఏడాదిలో 85,000, సేవలైతే 42,500 దాటేట్టుంటే వ్యాట్ నమోదు తప్పదు. తిండి వస్తువుల్లో ఏది సున్నా వ్యాట్, ఏది కాదు అన్నది చిక్కుముడి, అకౌంటెంట్‌ని అడిగే ధర పెట్టండి. కిల్డేర్ లోకల్ ఎంటర్‌ప్రైజ్ ఆఫీసు నేస్‌లోనే, ఆరస్ కిల్ దారాలో ఉంది. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళకి వాళ్ళు శిక్షణ తరగతులు నడుపుతారు, మన ఆడవాళ్ళు అక్కడ తక్కువగా కనిపిస్తున్నారు.

మొన్న శనివారం నేనూ వరసలో నిలబడి పిండి తెచ్చుకున్నాను. నాలుగున్నర చేతిలో పెట్టాను. పాత అలవాటుకొద్దీ "నీకు వద్దులే అక్కా" అంది. నేను తలుపు దగ్గర వేలాడుతున్న నోటుపుస్తకం వైపు చూశాను. నవ్వి డబ్బు తీసుకుని, పెన్ను అందుకుని రాసుకుంది.